పెట్టె వచ్చిందా?

బస్సు పూర్తిగా ఆగకముందే కిందినుంచి ఆ మాట వినబడేది. "పెట్టె వచ్చిందా?" అడిగేది హాలు మేనేజరు కావచ్చు, గేటు దగ్గర టిక్కెట్లు చింపే కుర్రాడు కావచ్చు, సోడాబండి మనిషి కావచ్చు. పెట్టె వచ్చిందంటే ఆ రాత్రి ఊళ్లో ఆట ఉన్నట్టు. రాలేదంటే లేనట్టే. 1973లో బెజవాడ గాంధీనగర్‌లో ఒక సినిమా పంపిణీ ఆఫీసులో రిప్రజెంటేటివుగా చేరి, ముప్ఫై ఆరేళ్లు ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకుంటూ తిరిగాను. గుడివాడ, నూజివీడు, తిరువూరు, జగ్గయ్యపేట, అవనిగడ్డ... కృష్ణా ఏరియాలో నేను పెట్టె దించని సెంటరు తక్కువ.

ఆ పెట్టెను ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. మందపాటి ఇనప రేకు, మూలలకు పట్టీలు, రెండు పక్కలా కడియాలు, ముందు గొళ్లెం. నల్లరంగు మీద తెల్లరంగుతో సినిమా పేరు, కింద ప్రింటు నంబరు. మూత ఎత్తితే లోపల గుండ్రటి రేకు డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండేవి. ఒక్కో డబ్బాలో వెయ్యి అడుగుల రీలు. 35 మిల్లీమీటర్ల ఫిల్ము నిమిషానికి 90 అడుగుల చొప్పున పరిగెడుతుంది కాబట్టి వెయ్యి అడుగులంటే పదకొండు నిమిషాల బొమ్మ. మూడు గంటల సినిమాకు పదహారు, పదిహేడు రీళ్లు. రీలు ఒక్కోటి రెండు కిలోల పైమాటే. డబ్బాలూ పెట్టెలూ కలుపుకుంటే ఒక్క సినిమాను బస్సు టాపు మీదికి ఎక్కించడానికి ఇద్దరు మనుషులు చెమటోడ్చాల్సి వచ్చేది.

ఒకసారి అవనిగడ్డ వెళ్తున్నాం. దారంతా గతుకులు. దిగి పెట్టె తెరిచి చూసుకుంటే ఏడో రీలు డబ్బా మూత ఊడిపోయి ఉంది. మూత అంచు మీద వేలెడంత సొట్ట. అంతకుముందు ఎవరో కింద పడేసి ఉంటారు, ఆ సొట్ట వల్ల మూత చుట్టూ సమంగా పట్టలేదు. కుదుపులకు ఊడింది. ఫిల్ము పైచుట్లు వదులై, పెట్టెలోని దుమ్ములో దారి పొడుగునా రాసుకున్నాయి. హాలు ఆపరేటరు దాన్ని వేళ్ల మధ్య నడిపించి చూసి ఏమీ అనలేదు, తల పంకించాడు. ఆ రాత్రి ఏడో రీలు నడిచినంతసేపూ తెర మీద గీతల వానే. ప్రేక్షకులు ఈలలు వేశారు. ప్రింటు మంచిదే, మెషీను మంచిదే, ఆపరేటరూ పనిమంతుడే. చెడింది వేలెడు అంచు. సినిమాను మోసే డబ్బా కూడా సినిమాలో భాగమేనని నాకు ఆ రాత్రే తెలిసింది.

అందుకే ఈ పుస్తకం రాసిన అబ్బాయి మా ఇంటికొచ్చి "బాబాయిగారూ, మీరు నాలుగు మాటలు రాయాలి" అని కాగితాల కట్ట ముందు పెట్టినప్పుడు నేను కాగితాల జోలికి పోలేదు. సంచిలోంచి అతను తీసిన రేకు డబ్బా మీదికే నా చెయ్యి వెళ్లింది. అరచేతికన్నా కాస్త పెద్దది. నల్లరంగు. దాని మీద తెల్లని అక్షరాలతో 'శంకరాభరణం'. పేరు కింద చిన్నగా నంబరు. అచ్చం మా పెట్టెల మీద రాసినట్టే. ఈ పిల్లవాడు పనిలో చేరేనాటికి ఆ పెట్టెల కాలం చివరికొచ్చేసింది. ఎక్కడ చూశావురా అంటే, ఆటోనగర్‌లో తుక్కు కొట్టు ముందు ఒకటి పడి ఉంటే చూశానన్నాడు.

మూత తెరిచాను. కిర్రుమనలేదు, బిగుసుకోలేదు. సగం వరకు నా వేలితో వచ్చి, మిగతా సగం దాని బరువుతో అదే వాలింది. అంచు పొడుగునా బొటనవేలితో నిమిరాను. ఎక్కడా గీసుకోలేదు. రేకు పని చేసినవాడి నిజాయితీ తెలియాలంటే చూడాల్సింది పైరంగు కాదు, అంచే. కోసిన రేకు అంచు కత్తిలా ఉంటుంది. దాన్ని లోపలికి మడిచి, అణచి, మొద్దు చేయడానికి ఓపిక కావాలి. ఆ ఓపిక ఈ అబ్బాయికి ఉందని నా బొటనవేలు ఒప్పుకున్నాక, పుస్తకం చదవడం మొదలుపెట్టాను.

ఇంతకీ పుస్తకం దేని గురించో చెప్పాలి. ఇంట్లో దాచుకున్న సినిమాలకు, అంటే డీవీడీలకూ బ్లూ-రేలకూ, ఎవరి చేత్తో వాళ్లు రేకు కేసులు చేసుకోవడం గురించి. విదేశాల్లో ఇలాంటివి కంపెనీలే చేసి అమ్ముతాయి. డెన్మార్క్‌కు చెందిన స్కనావో అనే సంస్థ 'స్టీల్‌బుక్' పేరుతో చేసే రేకు కేసుల కోసం సినిమా పిచ్చివాళ్లు వెతుక్కుంటారట. మన పాత తెలుగు సినిమాకు అలాంటి కేసు నేనెక్కడా చూడలేదు. పల్చటి ప్లాస్టిక్ డబ్బా, లోపల వెలిసిపోయిన కాగితం, అదే మనకు దక్కింది. ఒక్కో కొట్లో ఆ డబ్బా కూడా లేకుండా కవర్లో పెట్టి ఇచ్చేవారు. తెలుగు సినిమా మర్యాదకు అది తగదని ఈ అబ్బాయికి అనిపించింది. అనిపించడం చాలామందికి అనిపిస్తుంది. ఇతను రేకు కత్తెర పట్టుకున్నాడు.

పట్టుకోవడానికి మరో కారణం కూడా ఉంది. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగి బెజవాడ మీద పడింది. సింగ్‌నగర్‌లో వీళ్లిల్లు కింది అంతస్తు. రోజుల తరబడి నీళ్లు నిలిచిపోయాయి. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తూ పదిహేనేళ్లుగా నెలకొకటి, రెండు చొప్పున కొనుక్కున్న సినిమాలన్నీ గోడ పక్క చెక్క బీరువాలో ఉన్నాయి. నీళ్లు తీశాక చూస్తే బీరువా తలుపు ఉబ్బి తెరుచుకోలేదు, పగలగొట్టాల్సి వచ్చింది. డబ్బాల్లో బురద. కాగితం అట్టలు గుజ్జయ్యాయి. ఎన్టీఆర్ బొమ్మ ఏయన్నార్ బొమ్మకు అంటుకుపోయి రెండూ చిరిగాయి. ఆ మాట చెబుతున్నప్పుడు అతని గొంతు వణికింది.

డిస్కులు మాత్రం చాలావరకు బతికాయి. ఈ భాగం పుస్తకంలో రెండో అధ్యాయం. ఇల్లు మునిగిన ప్రతివాళ్లూ చదవాల్సినది. డిస్కును మంచినీళ్లలో కడగాలి, ఒక చుక్క సబ్బునీరు చాలు. తుడిచేటప్పుడు గుండ్రంగా తుడవకూడదు. మధ్య కన్నం నుంచి బయటి అంచు వైపు తిన్నగా లాగాలి. గుండ్రంగా తుడిస్తే పడే గీత సమాచారం ఉన్న దారి వెంటే పడుతుంది, ప్లేయరు దాన్ని దాటలేదు. అడ్డంగా పడిన గీతనైతే సర్దుకుపోగలదు. డీవీడీలో సమాచారం 0.6 మిల్లీమీటర్ల మందమున్న రెండు పలకల మధ్య ఇరుక్కుని ఉంటుంది. బ్లూ-రేలో కింది ఉపరితలానికి 0.1 మిల్లీమీటరు దూరంలోనే ఉంటుంది. పాత సీడీలో అయితే పైన పేరు అచ్చువేసిన వైపున, లక్క పొర కిందే ఉంటుంది. మనందరం సీడీ మెరిసే వైపును ప్రాణంలా చూసుకుని పేరున్న వైపును బల్ల మీద ఈడ్చేవాళ్లం. అసలు ప్రమాదం అటు వైపే. ఈ ఒక్క సంగతి నాకు ఇరవయ్యేళ్ల కిందట ఎవరైనా చెప్పి ఉంటే నా పాటల సీడీలు సగం మిగిలేవి.

ఇంకో మంచి పని కూడా చేశాడు. రేకు కేసు వరదను ఆపుతుందని ఎక్కడా అబద్ధం రాయలేదు. మునిగితే రేకూ మునుగుతుంది, పైగా తుప్పు పడుతుంది. కేసు కాపాడేది దెబ్బనుంచి, దుమ్మునుంచి, ఎండనుంచి, ఎలుకనుంచి. నీళ్లకు మందు పై అటక ఒక్కటే అని ఒక్క వాక్యంలో తేల్చేశాడు.

ఇక కొలతల అధ్యాయం. ఈ పుస్తకానికి గుండెకాయ అదే. డిస్కు అడ్డుకొలత 120 మిల్లీమీటర్లు, మధ్య కన్నం 15. మార్కెట్లో దొరికే డీవీడీ డబ్బా ఎత్తు 190, వెడల్పు 135, మందం 14. అలమరలో పాత డబ్బాల పక్కనే కొత్తవీ నిలబడాలి కాబట్టి వెలికొలత అంతే ఉండాలని అతని పట్టుదల. అయితే లోపల డిస్కును పట్టుకునేది ఏది? రేకుతో బొడ్డు చేస్తే డిస్కు కన్నాన్ని కోసేస్తుంది. అందుకు అతను చూపిన ఉపాయం నాకు చాలా నచ్చింది. పాత ఆడియో సీడీ డబ్బాలు తుక్కులో కుప్పలుగా దొరుకుతాయి. వాటి మూత విరిగినా లోపలి ట్రే బాగానే ఉంటుంది. ఆ ట్రే ఊడదీసి కేసులో కూర్చోబెడతాడు. జిగురు వాడడు. కేసు అడుగున రేకునుంచే నాలుగు చిన్న నాలుకలు కోసి పైకి లేపి, ట్రే అంచుల మీదికి మడుస్తాడు. ట్రే విరిగితే నాలుకలు విప్పి ఇంకోటి పెట్టుకోవచ్చు.

ముందు అట్టతో చేసి చూడమంటాడు. పెళ్లి శుభలేఖల అట్ట అయితే మరీ మంచిదట, మడత నిలుస్తుంది. అట్ట డబ్బా కుదిరాకే రేకు మీద గీయాలి. అక్కడే కొత్తవాళ్లందరూ తప్పటడుగు వేస్తారు. అట్టకు మందం లెక్క చూసుకోకపోయినా నడుస్తుంది, రేకుకు నడవదు. అతను వాడే 28 గేజి రేకు మందం బ్రిటిష్ లెక్కలో 0.376 మిల్లీమీటరు. వినడానికి ఏముంది అనిపిస్తుంది. అంచు మడిస్తే రెండింతలు. మూతలో ఒక మడత, అడుగుపెట్టెలో ఒక మడత, అటూ ఇటూ కలిపితే ఒకటిన్నర మిల్లీమీటరు ఎక్కడికీ పోదు. ఆ పైన రంగు మందం. రంగును ఎవరూ లెక్కలో వేసుకోరు. పౌడర్ కోటింగ్ పొర సుమారు 0.08 మిల్లీమీటరు. మూత లోపలి రెండు గోడలకూ అడుగుపెట్టె వెలుపలి రెండు గోడలకూ కలిపి మిల్లీమీటరులో మూడో వంతు. రంగుకు ముందు హాయిగా మూసుకున్న మూత రంగయ్యాక ఎందుకు పట్టడం లేదో తెలియక ఎంతమంది సుత్తి పుచ్చుకుని ఉంటారో!

మడత బందు కూడా కొన్నది కాదు. వెనక అంచును పళ్లుపళ్లుగా కోసి, ఒకటి విడిచి ఒకటి చుట్టి, మధ్యలోంచి సైకిలు స్పోకు దూర్చుతాడు. మామూలు స్పోకు మందం సుమారు రెండు మిల్లీమీటర్లు, పొడుగునా అంతే, తిన్నగా ఉంటుంది, వంగదు. నా వేలికి తగిలిన ఆ మెత్తదనం స్పోకు చలవేనన్న మాట. రేకు మీద బొమ్మ గీసి చూపించిన పేజీల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ పళ్ల బొమ్మ. గీతలు వణకలేదు, పక్కన అంకెలు చదవడానికి కళ్లద్దాలు సవరించుకోనక్కర్లేదు.

ఏ రేకు వాడాలన్న దగ్గర ఒక మాట చెప్పి తీరాలి. తగరం పూత రేకు అందంగా ఉంటుంది, టంకం చక్కగా పడుతుంది. కానీ దాని మీద గీత పడి లోపలి ఇనుము బయటపడితే, తగరం తను బాగానే ఉండి ఇనుమును తుప్పుకు వదిలేస్తుంది. జింకు పూత అలా కాదు. గీత పడిన చోట ముందు తనే కరిగి ఇనుమును కాపాడుతుంది. బందరు, కాకినాడ, విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఉండేవాళ్లు జింకు రేకే తీసుకోవాలని అతను గట్టిగా చెప్పాడు. బందరులో ఒక హాలు వెనక గదిలో నేను చూసిన డబ్బాలు గుర్తొచ్చాయి. మూత చుట్టూ ఎర్రటి పొడి, చేత్తో తాకితే రాలేది. రాలింది ఫిల్ము మీదే.

అతుకుల అధ్యాయంలో తన నష్టాన్ని దాచకుండా రాశాడు. మొదట్లో అన్నీ టంకంతోనే అతికేవాడు. పద్నాలుగు కేసులు చేశాడు, రెండు నెలల ఆదివారాలు. రంగు వేయించడానికి పౌడర్ కోటింగ్ చేసేచోట ఇచ్చాడు. ఆ పొడి రంగు కరిగి పట్టుకోవాలంటే సుమారు 200 డిగ్రీల కొలిమిలో పెట్టాలి. మామూలు టంకం 183 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. కొలిమి తలుపు తీసేసరికి పద్నాలుగు కేసులూ దేనికది విడిపోయి తీగలకు రేకు ముక్కలు వేలాడుతున్నాయట. టంకం బొట్లు కొలిమి అడుగున. అక్కడివాళ్ల తప్పేమీ లేదు, టంకం పెట్టానని ఇతనే చెప్పలేదు. ఆ రోజు రాత్రి అన్నం తినలేదని వాళ్లమ్మగారు నాతో అన్నారు.

అయినా ఆ దెబ్బే అతన్ని మంచి దారికి తెచ్చింది. టంకం పట్టడానికి పూసే ద్రావకం ఆమ్లంలో జింకు ముక్కలు కరిగించి చేసేది. ఎంత కడిగినా మడతల్లో కాస్త మిగులుతుంది, అది తేమ పీల్చుకుని లోపల్లోపల రేకును తింటుంది. డిస్కు పక్కన అలాంటిది ఉండనే కూడదు. ఇప్పుడతను టంకం మానేశాడు. ఒక అంచు ఇటు, ఒక అంచు అటు మడిచి, ఒకదానిలో ఒకటి తగిలించి, కొయ్యసుత్తితో అణచేస్తాడు. మూలల్లో చిన్న రివెట్లు. మన ఊళ్లలో ట్రంకుపెట్టెలు చేసేవాళ్లకు ఈ మడత అతుకు చేతిలో పని. వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నానని రాశాడు. డిప్లొమా చదివి, లారీ బాడీ షెడ్డులో పదిమంది మీద మేస్త్రీగా ఉన్నవాడు ట్రంకుపెట్టెల పెద్దాయన ముందు కింద కూర్చుని పని నేర్చుకున్నాడంటే అతని మీద నా గౌరవం పెరిగింది.

లోపల ఏం పరచాలన్నది ఎవరూ పట్టించుకోని విషయం. నగల పెట్టెలా ఉంటుందని ఉన్ని గుడ్డ పరిచేవాళ్లున్నారు. ఉన్ని తేమను పట్టి ఉంచుతుంది. పీవీసీ సంచుల్లో డిస్కులు పెడితే కొన్నాళ్లకు సంచి మెత్తబడి డిస్కుకు అంటుకుంటుంది. రబ్బరులో గంధకం ఉంటుంది, లోహానికి పడదు. అతను ఇవేవీ పరచడు. పాలిప్రొపిలీన్ పల్చటి పొర ఒకటి, ఆపైన తేమ పీల్చే గింజల పొట్లం ఒకటి, అంతే. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే తీసి వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. ఈ గింజలు తినేవి కావు, పిల్లలున్న ఇంట్లో జాగ్రత్త అని పెద్ద అక్షరాలతో వేయించాడు. మంచి పని.

ఇప్పుడు 'మాయాబజార్' కేసు గురించి. 1957 నాటి ఆ సినిమాను మన హైదరాబాద్‌లోనే రంగుల్లోకి మార్చి 2010లో మళ్లీ విడుదల చేసిన సంగతి అందరికీ తెలుసు. అప్పటికి నేను ఉద్యోగం మానేశాను, కుటుంబంతో వెళ్లి చూశాను. ఆ సినిమాలో ప్రియదర్శిని అనే పెట్టె ఉంది. ఎవరు తెరిస్తే వాళ్లకు ఇష్టమైనది కనబడుతుంది. బలరాముడికి దుర్యోధనుడు, శశిరేఖకు అభిమన్యుడు. ఈ అబ్బాయి తన 'మాయాబజార్' డిస్కుకు ఆ ప్రియదర్శినినే తలపించేలా కేసు చేశాడు. పెట్టె మూత తెరిస్తే సినిమా! ఇంతకన్నా తగిన పెట్టె ఆ సినిమాకు ఇంకెవరు చేయగలరు? ఆలోచన తోచినప్పుడు తనకు ఒళ్లు గగుర్పొడిచిందన్నాడు. నాకు విన్నప్పుడే పొడిచింది.

దాని కోసం ఇత్తడి రేకు తీసుకుని జనగామ దగ్గర పెంబర్తికి వెళ్లాడు. రేకు వెనక లక్క పోసి, ముందునుంచి ఉలితో కొట్టి బొమ్మను ఉబ్బెత్తుగా లేపే పనిలో ఆ ఊరు పేరుపొందింది, దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అక్కడివాళ్లు లత ఒకటి కొట్టి ఇచ్చారు. కేసు మెరిసింది. కానీ అల్యూమినియం రివెట్లు వేశాడు. ఒక వానాకాలం దాటేసరికి రివెట్ల చుట్టూ తెల్లటి పిండి. ఇత్తడి, అల్యూమినియం పక్కపక్కన ఉండి తేమ తగిలితే అల్యూమినియం తరిగిపోతుంది. రివెట్లన్నీ తీసి రాగివి వేశాడు. ఆ తెల్లటి పిండి ఫొటో కూడా పుస్తకంలో పెట్టాడు.

ఇక్కడ అతనితో నాకొక పేచీ ఉంది, అచ్చులో చెప్పడమే మర్యాద. ఇత్తడి ఒకే ఒక్క 'మాయాబజార్'కు చాలు. ఆఖరి అధ్యాయంలో ఇంకో ఇరవై సినిమాలకు ఇత్తడి నమూనాలు ఇచ్చాడు. బొమ్మలు బాగున్నాయి, కాదనను. అయితే ఈ పుస్తకం చదివి రేపు పని మొదలుపెట్టే కుర్రాడికి ఇత్తడి ఖరీదు భారం, బరువు కూడా. అలమర పలక వంగుతుంది. మామూలు రేకు మీద చేత్తో రాసిన నల్ల, తెల్ల అక్షరాలకున్న నిండుదనం నాకు ఏ లతలోనూ కనబడలేదు. అచ్చువేసిన స్టిక్కరు అంటించే పద్ధతి కూడా రాశాడు. అది లేకపోయినా పుస్తకానికి లోటు లేదు. ఎండకు స్టిక్కరు అంచులు లేస్తాయి. ఎనామిలు రంగు, సన్న కుంచె, నిలకడైన చెయ్యి – మా పెట్టెల మీద పేర్లు రాసినవాళ్లకు ఉన్నవి ఇవే. వాళ్ల అక్షరాలు ముప్ఫై ఏళ్ల బస్సు ప్రయాణాలకు కూడా చెరగలేదు. ఈ మాటలన్నీ అతనికి ముందే చెప్పాను. "మీరు అలాగే రాయండి బాబాయిగారూ, నేను తీయను" అన్నాడు.

ఇంటి సినిమాల గురించి చిన్న అధ్యాయం ఒకటుంది. పెళ్లిళ్లూ గృహప్రవేశాలూ సూపర్-8 ఫిల్ము మీద తీయించుకున్న ఇళ్లు మన దగ్గరా కొన్ని ఉన్నాయి. 1965లో కొడాక్ తెచ్చిన ఆ ఫిల్ము యాభై అడుగుల చుట్టలో మూడు నిమిషాల చిల్లర బొమ్మ పడుతుంది. దానికి మాత్రం గాలి చొరని కేసు చేయకూడదు. అసిటేటు ఫిల్ము పాతబడితే పులిసిన వాసన వస్తుంది, అది వెనిగరులో ఉండే ఆమ్లం. మూసి ఉంచితే ఆ ఆమ్లమే పక్క చుట్టను కూడా తినేస్తుంది. కాబట్టి ఈ కేసులకు పక్కల్లో సన్నటి కన్నాలు. ఆ వాసన నాకు బాగా తెలుసు. గోదాము తలుపు తీయగానే కళ్లు మండేవి. అప్పట్లో దాన్ని పాత సరుకు వాసన అనుకునేవాళ్లం, ఫిల్ము చచ్చిపోతున్న వాసన అని తెలియదు.

తెలియకపోవడం వల్ల పోయినవి ఎన్నో. మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది, ఈవేళ చూడ్డానికి ఒక్క ప్రింటు లేదు. పుణేలో జాతీయ ఫిల్ము ఆర్కైవు 1964లో గానీ పుట్టలేదు. అక్కడ కూడా 2003లో నిప్పంటుకుని పాత నైట్రేటు ఫిల్ములు బూడిదయ్యాయి. ఇక మా గోదాముల సంగతి. ఆడడం మానేసిన నలుపు తెలుపు ప్రింట్లను వెండి కోసం కడిగేవాళ్లు కిలోల లెక్కన పట్టుకుపోయేవారు. ఖాళీ డబ్బాలు తుక్కు కింద వెళ్లేవి. మూతలు నీళ్లకుండల మీద మూతలయ్యాయి. లెక్క రాసి సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఉద్యోగమది. ఆ లెక్కల పుస్తకాల్లో నా సంతకం తలుచుకుంటే ఇప్పటికీ ఛాతీలో బరువు. కొన్ని పేర్లు నాకు గుర్తున్నాయి, ఆ సినిమాలు నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

ఆ తరవాత హాళ్లలోకి డిజిటల్ వచ్చింది, పెట్టె అవసరం పోయింది. ఇప్పుడు డిస్కుల వంతు. తెలుగు సినిమా డిస్కు మీద రావడం దాదాపు ఆగిపోయింది. ఫోనులో అన్నీ దొరుకుతాయంటారు. నిన్న దొరికిన పాత సినిమా ఇవాళ తీసేస్తే అడిగే దిక్కులేదు. ఒక మనిషి డబ్బు పెట్టి కొనుక్కుని, తన అలమరలో తన చేత్తో చేసిన పెట్టెలో పెట్టుకున్న సినిమాను మాత్రం ఎవరూ తీసుకుపోలేరు. అసలు డిస్కులకే కేసులు చేయమనీ, దొంగ కాపీలకు తన నమూనాలు వాడవద్దనీ అతను మొదటి పేజీలోనే వేడుకున్నాడు. ఈ రంగంలో కూలి చేసి బతికినవాడిగా అందుకు అతనికి నమస్కారం పెడుతున్నాను.

పుస్తకం పట్టుకోగానే బొమ్మల దగ్గరికి పరిగెత్తకండి. మూడో అధ్యాయంలో కత్తెర పట్టుకునే తీరు, చేతికి తోలు తొడుగులు, కోసిన ముక్కలు నేలమీద వదలకుండా డబ్బాలో వేయడం – ముందు అవి చదవండి. రేకు ముక్క కాలికి దిగితే ధనుర్వాతం సూది తప్పదు. రెండో ముద్రణకు వీడియో క్యాసెట్ల కోసం కూడా ఒక అధ్యాయం రాయాలని అతన్ని కోరుతున్నాను. పెళ్లి క్యాసెట్లు బూజుపట్టి అటకల మీద ఇంకా ఉన్నాయి, వాటికీ దిక్కు కావాలి. ఆయుష్మంతుడై ఈ అబ్బాయి ఇంకా చేయాలి, ఇంకా రాయాలి.

నా దగ్గర నలభై రెండు సినిమాలున్నాయి. ఇన్నాళ్లూ మంచం కింద అట్టపెట్టెలో ఉన్నాయి. పోయిన నెలలో పుస్తకం ముందు పెట్టుకుని మొదటి కేసు మొదలుపెట్టాను. 'రోజులు మారాయి'కి. డెబ్భై అయిదేళ్ల చేతులు, కత్తెర మెల్లగా నడిచింది. నాలుగు ఆదివారాలు పట్టింది. మూత పెట్టి చూస్తే దిగలేదు. అతన్ని పిలిపించాను. మూతను వెలుగుకు ఎత్తి, లోపలి అంచు మీద గోరు ఆనించి, "వెనకవైపు మడత మందం తీసేయడం మర్చిపోయారు బాబాయిగారూ, మిగతాదంతా బాగుంది" అన్నాడు. అడుగుపెట్టె అలాగే ఉంచుకోవచ్చట, మూత ఒక్కటే మళ్లీ కోయాలి. రేకు తెచ్చిపెట్టమని డబ్బులిచ్చాను. శనివారం సాయంత్రం షెడ్డునుంచి వస్తూ తెస్తానన్నాడు.

గాంధీనగర్, విజయవాడ